పట్టభద్రులు – ప్రజాసేవావృత్తి
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



పట్టము పుచ్చుకొనిన మన పిల్లలు ప్రజాసేవనే జీవనవృత్తిగా స్వీకరింపదలచినచో ఎట్లు ప్రారంభింపవలయునో ఆ విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను ఆదేశించిరి. కళాశాల మెట్లెక్కని నాకు ఈ విషయము నొప్పగించుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని గ్రామపు లెక్కలు వ్రాయువానికి నిత్యము పట్టభద్రులతోడనే పని. వారు పంపిన కాగితములకు జవాబులు వ్రాయవలయును, వారు తనిఖీకి వచ్చిననాడు పుస్తకములు చూపవలయును. ఆ పరిచయముతోను, ఈ గ్రంథాలయపు బీరువాలలోని భారతము నాకు నేర్పిన కొద్దిపాటి జ్ఞానముతోను ఈ ప్రసంగమును సాగించెదను.

మన పఠనమందిరమునకు వచ్చువారిని గమనింపుడు. ఒకప్పుడు దినపత్రికలకొరకును, నవలలకొరకును, పురాణములకొరకును వచ్చువారు హెచ్చు. నేడు తలుపు తీయకముందే అరుగుమీద వేచియుండువారు పోటీపరీక్షల పుస్తకములు చేతబట్టిన యువతీయువకులు. వారిలో కొందరు మూడేండ్లుగా, మఱికొందరు ఐదేండ్లుగా చదువుచునే యున్నారు. ఇంటియొద్ద తల్లిదండ్రులు పత్తి అమ్మిన సొమ్ము, మిరప అమ్మిన సొమ్ము నెలనెలకు పంపుచున్నారు. కనుక ఈ విషయము మన యూరి ఇండ్లలోని అన్నమునకు, పిల్లల వయస్సునకు సంబంధించినది.

నేను చెప్పదలచిన ముఖ్యాంశమును ముందుగనే విన్నవించెదను. ప్రజాసేవ అనునది దానము కాదు, అదృష్టము కాదు. అది కమ్మరమువలె, వ్యవసాయమువలె నేర్చుకొనవలసిన వృత్తి. దానికి మూడు అంగములు కలవు. ప్రజల సొమ్మునకు లెక్క చెప్పుట మొదటిది. పనిచేయువాని కడుపు నిండుట రెండవది. దిక్కులేనివానికి పని అందుట మూడవది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినను తక్కినవి నిలువజాలవు.

ఈ విభజన నా కల్పనము కాదు. మహాభారతము సభాపర్వమున మయసభలో కొలువుదీరిన ధర్మరాజు కడకు నారదమహర్షి విచ్చేసి, కుశలప్రశ్నల రూపమున రాజనీతి నంతయు ఉపదేశించును. సంస్కృత మూలమందలి ఆ ప్రశ్నలలో ఒకచోట గణకులును లేఖకులును ప్రతిదినము పూర్వాహ్ణమునందే ఆదాయవ్యయములను నివేదించుచున్నారా యని అడుగును. వేఱొకచోట సైనికులకు ఈయవలసిన భత్యమును, వేతనమును కాలము మీఱనీయక ఇచ్చుచున్నావా యని అడుగును. మఱియొకచోట అంధులను, మూగవారిని, అవిటివారిని, బంధువులు లేనివారిని తండ్రివలె కాపాడుచున్నావా యని అడుగును. రాజులు పోయిరి, రాజ్యములు పోయినవి. కాని కొలువులో చేరబోవు ప్రతి పట్టభద్రుడును తన్ను తాను వేసికొనవలసిన ప్రశ్నలు నేటికిని ఇవియే.

మొదటి ప్రశ్నకు ఉదాహరణము మన పొరుగుననే కలదు. ఇచ్చటికి సమీపమున నున్న నేలకొండపల్లిలో జన్మించిన కంచెర్ల గోపన్న 17వ శతాబ్దిలో గోలకొండ ప్రభుత్వమున పాల్వంచ పరగణాకు తహసీల్దారు అయ్యెను. ఆయన భద్రాచలమున రామాలయమును నిర్మించెను. సర్కారునకు చెల్లవలసిన పన్నుసొమ్ము అందులకు వినియోగించెనను అభియోగముపై గోలకొండ కోటలో బందీయయ్యెను. పిమ్మట రామలక్ష్మణులే మారువేషమున వచ్చి తానీషాకు ఆ సొమ్ము చెల్లించిరని జనశ్రుతి. రామదాసుగా ఆయన భక్తికి మనమందరమును చేతులు మోడ్తుము. ఆ ఆలయమును తలచినపుడు నా కన్నులును చెమర్చును.

అయినను లెక్కలవానిగా ఒక్క మాట చెప్పవలయును. ఆ జనశ్రుతిని కల్పించిన మన పూర్వులు ఎంత వివేకవంతులో చూడుడు. రాముడు తన భక్తుని విడిపించుటకు కోటగోడలు కూల్చెనని వారు చెప్పలేదు. బాకీ పైసలతో సహా చెల్లించి రసీదు పుచ్చుకొనెనని చెప్పిరి. దేవుని పనికైనను ఖజానా సొమ్మునకు లెక్క తప్పదని సామాన్యజనమే తీర్పు చెప్పినట్లయినది. నేటి యువకులు గోపన్న హృదయమును తప్పక కోరుకొనవలయును. కాని బాకీ తీర్చుటకు రాముడు వచ్చునని ఎదురుచూడరాదు. మంచి పనికే కదా యని ఒక పద్దుక్రింది సొమ్మును ఇంకొక పద్దుక్రింద ఖర్చుపెట్టిన ఉద్యోగి ఎంత నిజాయితీపరుడైనను తనిఖీనాడు తల వంచవలసినదే.

ఈ గ్రంథాలయ వేదికపై స్మరింపదగిన పట్టభద్రుడు మఱియొకరు కలరు. పెనుగంచిప్రోలున జన్మించిన కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు (1877–1923) ఉన్నత విద్య ముగించి మునగాల సంస్థానమున దివానుగా కొలువు చేసిరి. జీతము పుచ్చుకొని చేసిన ఉద్యోగము అది. ఆ ఉద్యోగమున నుండియే 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ స్థాపనకును, 1906లో విజ్ఞానచంద్రికా మండలి స్థాపనకును తోడ్పడిరి. తెలంగాణమున ఊరూర వెలసిన గ్రంథాలయములకు ఆ దీపమే మూలము. జీతము తీసికొనుట సేవకు విరుద్ధము కాదనుటకు ఇంతకంటె నిదర్శనము వేఱు కావలయునా?

ఇక నేటి మార్గములను చూతము. అవి ప్రధానముగా రెండు: ప్రభుత్వపు కొలువు, స్వచ్ఛంద సంస్థలలోని కొలువు.

ప్రభుత్వపు కొలువునకు పరీక్షయే ద్వారము. ఈ పద్ధతి ఆంగ్లేయుల కాలమున ఆరంభమైనది. ఇండియన్ సివిల్ సర్వీసునకు 1855 నుండి లండనులో పోటీపరీక్ష జరిగెను. మన దేశమున సయితము ఆ పరీక్ష జరుగుటకు 1922 వరకు ఆగవలసివచ్చెను. సముద్రము దాటగల ధనవంతులకే దక్కిన ఆ ద్వారము నేడు బోనకల్ స్టేషనులో రైలెక్కు పేద విద్యార్థికిని తెరచియున్నది. అది మన స్వాతంత్ర్యఫలము. అయితే ద్వారము తెరచియుండుటయు, లోపల స్థలముండుటయు ఒకటి కాదు. అఖిల భారత సివిల్ సర్వీసుల పరీక్షకు ఏటేట దాదాపు పదిలక్షలమంది దరఖాస్తు చేయుచుండగా, 2024వ సంవత్సరపు పరీక్షలో ఎంపికయినవారు 1,009 మంది మాత్రమే.

మన రాష్ట్రపు అనుభవమును గూడ మరువరాదు. 503 గ్రూప్-1 ఉద్యోగములకు 2022లో ప్రకటన వెలువడెను. ఆ సంవత్సరము అక్టోబరున జరిగిన ప్రాథమిక పరీక్ష, ప్రశ్నపత్రములు వెల్లడియైన కారణమున 2023 మార్చిలో రద్దయ్యెను. అదే సంవత్సరము జూనులో మరల జరిగిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దుచేసెను. 2024 ఫిబ్రవరిలో 563 ఉద్యోగములకు క్రొత్త ప్రకటన వచ్చి, మూడవసారి పరీక్ష జరిగెను. అశోకనగరున అద్దెగదులలోను, చిక్కడపల్లి గ్రంథాలయమునను కూర్చుండి చదివిన బిడ్డలు ఒకే పరీక్షను మూడుమార్లు వ్రాసిరి. అందు వారి లోపమేమియు లేదు. కాని పోయిన సంవత్సరములు మాత్రము వారివే.

కావున యువకులారా, ఒక వ్యాపారి దుకాణము తెరచునపుడు ఎంత పెట్టుబడి పెట్టవలయునో, ఎన్నాళ్లు నష్టమునకు ఓర్వవలయునో ముందుగ నిర్ణయించుకొనును. అట్లే మీరును చదువు ప్రారంభించిననాడే గడువు వ్రాసికొనుడు. రెండేండ్లో మూడేండ్లో అది మీ ఇంటి స్థితినిబట్టి యుండును. ఆ కాగితముపై తండ్రియు తల్లియు ఎఱిగియుండగా తేదీ వేయుడు. గడువు తీరిన పిమ్మట చదువు మానుమని నేననను. ఏదేని ఒక కొలువులో చేరి, జీతము తీసికొనుచు చదువుమందును. ఇరువదియైదేండ్ల వయస్సున పనిచేసి నేర్చుకొను నేర్పు ముప్పదియైదింట అంత సులభముగా అలవడదు.

చిన్న కొలువని తలపకుడు. 2018లో మన రాష్ట్రమున 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శుల నియామకమునకు ప్రకటన వెలువడెను. దానికి పట్టమే అర్హత. ఎంపికయినవారు మొదట నెలకు 15,000 రూపాయల జీతముతో చేరిరి. పరీక్షాకాలము మూడేండ్లని చెప్పి నాలుగేండ్లకు పొడిగించిరి. క్రమబద్ధీకరణము కొరకు 2023లో వారు సమ్మెకు దిగవలసివచ్చెను. నారదుని రెండవ ప్రశ్న ఇచ్చట గుర్తునకు రావలయును. జీతభత్యములు కాలము తప్పినచో పనివాని మనస్సు పనియందుండదని ఆ మహర్షి యెఱుగును. అయినను ఆ నాలుగేండ్లలో ఆ యువతీయువకులు జనన మరణములు నమోదుచేసిరి, ఇంటిపన్ను వసూలుచేసిరి, వీథులు ఊడ్పించిరి, మొక్కలు నాటించిరి, కరోనా కాలమున ఇల్లిల్లు తిరిగిరి. ఒక గ్రామమును అడుగునుండి నేర్చుకొనుటకు అంతకు మించిన పాఠశాల లేదు.

రెండవ మార్గము స్వచ్ఛంద సంస్థలు. వీనిని గూర్చి మన పల్లెలలో రెండు అపోహలు కలవు. ఉద్యోగము దొరకనివాడు చేరునది అని కొందరందురు. ధనము మూటగట్టుకొను ఉపాయమని మఱికొందరందురు. రెండును తొందరపాటు మాటలే. ఈ పనికి ప్రత్యేక విద్య కావలయునని గుర్తించి 1936లోనే బొంబాయిలో పట్టభద్రులకొరకు సర్ దోరాబ్జీ టాటా పేర సాంఘికసేవా విద్యాలయమును స్థాపించిరి. నేటి టాటా సాంఘిక శాస్త్రముల సంస్థ అదియే. అనంతపురమున విన్సెంట్ ఫెర్రర్ దంపతులు 1969లో ఆరంభించిన గ్రామీణాభివృద్ధి ట్రస్టు కఱవుసీమలో బడులు, ఆసుపత్రులు, ఇండ్లు నిర్మించెను. 1983లో ఢిల్లీలో స్థాపితమైన ‘ప్రదాన్’ సంస్థ విద్యావంతులను ఎంచి, మొదట పల్లెలలో నిలిపి శిక్షణమిచ్చి, ఆ పిమ్మట పని అప్పగించు పద్ధతిని నెలకొల్పెను. హైదరాబాదు విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి నిర్వహించిన శాంతా సిన్హాగారి నాయకత్వమున ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991 నుండి రంగారెడ్డి జిల్లాలో బాలకార్మికులను బడికి మరల్చు పనికి పూనుకొనెను. ఆమెకు 2003లో మెగసెసే పురస్కారము లభించెను. ఆ సంస్థలో ఇంటింటికి తిరిగి తల్లిదండ్రులతో మాటలాడినవారు పెక్కురు ఆ పల్లెల యువతీయువకులే.

అయితే ఇట్టి సంస్థలో చేరగోరువారు ముందుగ దాని పుస్తకములు చూడవలయును. ఇది నా వృత్తిధర్మముగా చెప్పు మాట. అడుగుటకు సిగ్గుపడకుడు. సంస్థ 2001వ సంవత్సరపు సంఘముల చట్టముక్రింద నమోదైనదా, ట్రస్టా, లాభాపేక్షలేని కంపెనీయా అని తెలిసికొనుడు. గడచిన మూడేండ్ల తనిఖీ అయిన జమాఖర్చులు చూపుమనుడు. ఆదాయపు పన్ను శాఖవారి నమోదు పత్రము ఉన్నదో లేదో చూడుడు. విదేశముల నుండి సొమ్ము వచ్చునదైనచో 2010వ సంవత్సరపు చట్టముక్రింద అనుమతి ఉండవలయును; 2020 సవరణ ప్రకారము ఆ సొమ్ములో నూటికి 20 వంతులకు మించి కార్యాలయపు ఖర్చులకు వాడరాదు. పెద్ద కంపెనీలు తమ సగటు లాభములో నూటికి 2 వంతులు సాంఘిక కార్యములకు వ్యయపరుపవలయునని 2013వ సంవత్సరపు కంపెనీల చట్టము విధించెను. పెక్కు సంస్థలకు ఆ సొమ్మే నేడు ఆధారము.

ఈ వివరములు జీతగానికెందుకని మీరడుగవచ్చును. సొమ్ము ఎచ్చటినుండి వచ్చుచున్నదో, ఎన్నాళ్లకు వచ్చుచున్నదో దానినిబట్టియే మీ ఉద్యోగపు ఆయుర్దాయము. మూడేండ్ల పథకమునకు సొమ్ము వచ్చినచో మూడేండ్లు కాగానే ఉద్యోగము ముగియవచ్చును. ఆ సంగతి చేరునాడే తెలిసియున్నచో అది వంచన కాదు, ఒప్పందము. నియామకపత్రము వ్రాతమూలకముగా తీసికొనుడు. జీతమెంత, భవిష్యనిధి కలదా, సెలవు లెన్ని, తిరుగుటకు బత్తెమెంత అని స్పష్టముగా అడుగుడు. పదిమంది, అంతకు మించి పనిచేయు ప్రతి చోటను స్త్రీల రక్షణకై అంతర్గత సంఘముండవలయునని 2013వ సంవత్సరపు చట్టము చెప్పుచున్నది. అమ్మాయిలు దానినిగూర్చి విచారించి మరీ చేరవలయును. సేవాసంస్థ కదా, జీతమడుగుట ఏమి బాగుండునని వెనుకాడకుడు. ఆకలిగొన్నవాడు అన్నము వడ్డింపజాలడు.

ఇక మూడవ ప్రశ్న, దిక్కులేనివారిని గూర్చినది. ఇచ్చటినుండి తూర్పుగా పోయినచో సాగుభూములు తరిగి, కొత్తగూడెము దాటునప్పటికి అడవి దట్టమగును. భద్రాచలము చుట్టుపట్ల కోయలు, కొండరెడ్లు నివసింతురు. అచ్చటి కొలువు వచ్చినదని తెలియగానే మన పట్టభద్రులు కొందరు బదిలీకై ఎవరి నాశ్రయింపవలయునా యని ఆలోచింతురు. కాని ప్రజాసేవ అను మాటకు అర్థము పూర్తిగా తెలియునది అచ్చటనే. పండ్రెండు గంటలు రోడ్డున తిరుగు బస్సు ఉన్న ఊరిలో ఉద్యోగి ఒకనాడు రాకున్నచో మఱియొక ఉద్యోగి దొరకును. వాగు పొంగిన గూడెములో ఉపాధ్యాయుడో ఆరోగ్యకార్యకర్తయో రానినాడు ఆ పని జరుగదు. కోయపిల్లవానికి బడిలో మొదటినాడు వినబడు తెలుగు పరాయిభాషవలె తోచును. వాని నుడిలో పదిమాటలు నేర్చుకొనిన అయ్యవారిని వాడు జన్మమంతయు మరువడు.

ఈ మూడవ ప్రశ్నకు తన ఉద్యోగజీవితమునంతయు సమాధానముగా నిచ్చినవారు ఎస్.ఆర్. శంకరన్‌గారు. తమిళదేశమున జన్మించి, 1957లో ఐ.ఏ.ఎస్. కొలువున చేరి, ఆంధ్రప్రదేశమునకు వచ్చిరి. వెట్టిచాకిరి నిర్మూలన చట్టము 1976లో వెలువడగా, దానిని కాగితముపై నుండి పల్లెలకు దింపుటకు ఆయన పాటుపడిరి. సాంఘిక సంక్షేమ శాఖ కార్యదర్శిగా పేదబిడ్డల వసతిగృహములకును, గురుకుల పాఠశాలలకును అండయై నిలిచిరి. త్రిపుర రాష్ట్రమున ప్రధాన కార్యదర్శిగా పనిచేసిరి. 1987లో తూర్పుగోదావరి మన్యమందలి గుర్తేడు వద్ద మఱికొందరు అధికారులతోపాటు నక్సలైట్లచేత అపహృతులైరి. విడుదలయైన పిమ్మటను గిరిజనుల పక్షమున మాటలాడుట మానలేదు. 1992లో పదవీవిరమణ చేసిన తరువాత, చేతులతో మలమెత్తు దురాచారమును రూపుమాపు ఉద్యమమునకు తోడుగా నిలిచిరి. పద్మభూషణ బిరుదమును స్వీకరింపలేదు. పింఛను సొమ్ములో అధికభాగము పేదవిద్యార్థులకు వినియోగించుచు, అవివాహితులుగా నిరాడంబరముగా జీవించి, 2010 అక్టోబరున కీర్తిశేషులైరి. ప్రభుత్వపు కొలువు, స్వచ్ఛందసేవ అను రెండు మార్గములును ఒక్క మనుజునియందు కలిసిన తీరు అది.

అందరును శంకరన్‌లు కాజాలరని మీరనవచ్చును. నిజమే. సామాన్య పట్టభద్రునికి సాధ్యమైన పని యొకటి చెప్పెదను. 2006లో ఉపాధిహామీ పనులు ఆరంభమైనపుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశమున సామాజిక తనిఖీ అను పద్ధతి నెలకొనెను. 2009లో దానికై ప్రత్యేక సంస్థ ఏర్పడెను. చదువుకొనిన పల్లెయువకులను, కూలివారి బిడ్డలనే ఎంచి శిక్షణమిచ్చిరి. వారు మస్టరురోళ్లు చేతబట్టుకొని, పేరున్న ప్రతి కూలి ఇంటికిపోయి, ఎన్ని దినములు పనిచేసితివి, ఎంత ముట్టెనని అడిగి, ఊరందరి యెదుట చదివి వినిపించిరి. చనిపోయినవారి పేర కూలి వ్రాసినచోట ఆ సంగతి సభలోనే బయటపడెడిది. లెక్క, కూలి, దిక్కులేనివాడు అను మూడును ఒకేచోట కలిసిన పని అది. నారదుడు నేడు వచ్చినచో ఆ సభలో కూర్చుండి సంతోషించియుండును. డబ్బు కలవాని పిల్లలో, పెద్ద పట్టములు పొందినవారో చేసిన పని కాదు అది; అంకెలు చదువగల్గి, భయపడనివారు చేసిన పని.

కనుక కొలువులో చేరిన మొదటి యేట చేయవలసిన పనులను క్లుప్తముగా చెప్పి ముగించెదను. ప్రతిదినము చేసిన పనిని ఆనాడే వ్రాసికొనుడు; రేపటికి వాయిదా వేసిన పద్దు సగము అబద్ధమగును. సమాచార హక్కు చట్టమును (2005) ఇరుపక్షములనుండి చదువుడు. అడుగు పౌరునిగా ఒకమారు, 30 దినములలో జవాబీయవలసిన ఉద్యోగిగా ఇంకొకమారు చదివినచో మీ దస్త్రములు వాటంతటవే చక్కబడును. మీకంటె చిన్న జీతగాండ్రయిన అటెండరును, ఆశా కార్యకర్తను, అంగన్వాడీ అమ్మను గౌరవముగా అడిగి పని నేర్చుకొనుడు. ఊరి సంగతి వారికి తెలిసినంత దస్త్రములకు తెలియదు. దరఖాస్తు తెచ్చిన ముదుసలిని మొదట కూర్చుండుమని చెప్పి, తరువాత కాగితము చూడుడు.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. పిల్లవాడు పదిహేనువేల కొలువులో చేరెదనన్నపుడు, ఇంతకేనా ఇన్నాళ్లు చదివించినదని అనకుడు. ఆడపిల్ల మన్యములో ఉద్యోగమునకు పోయెదనన్నపుడు, పెండ్లి పేర అడ్డుపడకుడు. ఆ మొదటి యడుగు వేయనీయనివారు తరువాతి యడుగులను చూడజాలరు.

గ్రంథాలయ కార్యవర్గమువారికిని ఒక విన్నపము. పోటీపరీక్షల పుస్తకములు తెప్పించుచున్నందుకు కృతజ్ఞతలు. వానితోపాటు ఒక రిజిస్టరు ఉంచుడు. మన యూరినుండియు, చుట్టుప్రక్కల ఊళ్లనుండియు ప్రభుత్వమందుగాని, సేవాసంస్థలందుగాని కొలువు చేయుచున్న ప్రతివారును సెలవులకు వచ్చినపుడు అందు ఒక పుట వ్రాయవలయును: ఏ దారిన చేరితిరి, ఎన్నేండ్లు పట్టెను, మొదటి జీతమెంత, ఏమి తెలియక కష్టపడితిరి అని. నెలకొక ఆదివారము వారిలో ఒకరిని పిలిచి మాటలాడింపుడు. శిక్షణ కేంద్రములకు పోలేని పేదబిడ్డకు ఆ పుటలే గురువు కాగలవు. ఆ రిజిస్టరునకు వలయు పుస్తకమును, మొదటి ఏడాది దానిని చక్కగా నడుపు పనిని నేను స్వీకరింప సిద్ధముగా నున్నాను.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి ఆ రిజిస్టరు నిండవలయునని, అందలి పేర్లలో ఆడపిల్లల పేర్లు సగమైనను ఉండవలయునని భద్రాద్రి రాముని ప్రార్థించుచున్నాను.

స్వస్తి.